చేతి ఆకు వద్దన్న సారు

మనుషులను ప్రేమించి నష్టపోయినవాళ్ళు తమ కథలు చాలానే రాసుకున్నారు. నేను ప్రేమించింది ఒక మాటను. నష్టం మాత్రం నాకు రాలేదు, నా మాట విన్న ఒకామెకు వచ్చింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె మేపుతున్న పట్టుపురుగులకు వచ్చింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, ట్రైనింగులో ఇచ్చిన పుస్తకాన్ని సంచిలో పెట్టుకు తిరుగుతున్న పిల్లలు దీన్ని చదివి నవ్వుకుంటే చాలు. నవ్వాక ఆ పుస్తకం ఒకసారి తెరిచి, అందులో మీకు బాగా నచ్చిన మాట ఏదో చూసుకుని, దానితో కాస్త జాగ్రత్తగా ఉండండి.

నాకు నచ్చిన మాట ‘హస్తాకారం’.

చేతి ఆకారంలో ఉన్నదని అర్థం. అరచేయీ, దానినుంచి విచ్చుకున్న వేళ్ళూ ఎలా ఉంటాయో అలా, తొడిమ దగ్గర ఒకటిగా ఉండి అంచుల వైపు వేళ్ళలా చీలిన ఆకును హస్తాకార పత్రం అంటారు. ఆముదం ఆకు అలాంటిదే. బొప్పాయి, కాకర, పత్తి అన్నీ చేతులు చాచినవే. వావిలి, బూరుగులాంటి కొన్నిటికి అరచేయి కూడా ఉండదు, వేళ్ళు తిన్నగా తొడిమకే తగులుకుని ఉంటాయి. వాటిని విడిగా చెప్పడానికి పండితులు ఇంకో పేరు పెట్టుకున్నారు. నేను పండితుణ్ణి కాను కాబట్టి అన్నిటికీ ఒకటే మాట వాడాను.

నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల దగ్గర, కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైను ఇళ్ళలో. మా తాత భూమికింద పనిచేశాడు, మా నాన్న భూమికింద పనిచేశాడు. భూమిపైన ఏం మొలుస్తుందో పట్టించుకున్నవాళ్ళలో మా వంశంలో నేనే మొదటివాణ్ణి. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బల చుట్టూ పెరిగే సర్కారు తుమ్మ తప్ప నాకు వేరే చెట్లతో పెద్దగా ముఖపరిచయం లేదు. అలాంటివాడికి పట్టు రైతులకు సంబంధించిన ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ట్రైనింగు హాలు గోడకు రెండు గాజు పటాలు వేలాడుతుండేవి. ఒకదానిలో నాటు మల్బరీ ఆకు, అయిదు వేళ్ళూ చాచి, బస్సును ఆపుతున్నట్టు. ఇంకోదానిలో మేలురకం ఆకు, చీలికలు లేకుండా, తమలపాకుకు అన్నయ్యలా. మొదటి పటం కింద ‘హస్తాకారం’ అని రాసి ఉంది. ఆ మాట నోట్లో వేసుకుంటే కలకండలా కరిగింది.

తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇరవై ఏడేళ్ళు నేను ఆకును చూడలేదు. స్టోరులో చేశాను, పట్టుగూళ్ళ మార్కెట్లో చేశాను, ఫైళ్ళ మధ్య చేశాను. మాట మాత్రం నాతోనే ఉంది. అంచులు చిరిగిన దోసెను హస్తాకార దోసె అనేవాణ్ణి. బేతమంగళ చెరువు గట్టున బాతుల కాళ్ళు చూసి, వేళ్ళ మధ్య పొర ఉన్నా అదీ హస్తాకారమే అని పక్కవాళ్ళకు వివరించేవాణ్ణి. అల్లం కొమ్ము చూసినా అదే మాట. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఓపిక ఆమె ఉద్యోగంలో భాగం, కానీ ఇంటికొచ్చాక డ్యూటీ అయిపోయినట్టే.

“ఈ వంటింట్లో హస్తాకారంలో ఉన్నవి నా చేతులు రెండే. అవీ అరిగిపోతున్నాయి. వచ్చి ఉల్లిగడ్డలు తరగండి” అనేది.

రిటైర్మెంటుకు మూడేళ్ళుందనగా నన్ను ఫీల్డుకు వేశారు. బేతమంగళ పక్కన కొన్ని ఊళ్ళు. రైతుల దగ్గరికి వెళ్ళి సలహాలు చెప్పాలి. నాతోపాటు ఆఫీసు అటెండరు వచ్చేవాడు, స్కూటరు వెనక కూర్చుని. ఇరవై ఏడేళ్ళుగా చెప్పేవాడు లేక నాలో మురిగిపోయిన సలహాలన్నీ ఒక్కసారిగా పొంగాయి.

మొదటి మీటింగు ఒక ఊరి పాల డెయిరీ వరండాలో. పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. అందరి తోటల్లోనూ మేలురకం మల్బరీయే. దానికి మూడు నెలల ముందు ఆఫీసే కొమ్మల కట్టెలు ఇచ్చి నాటించింది. నేను రెండు ఆకులు పట్టుకుని చూపించాను. “చేతి ఆకారంలో ఉంటే నాటు. లేకుంటే మేలు. మీ తోటలో అక్కడక్కడా నాటు కలిసిపోయి ఉంటుంది. చేతి ఆకు కనిపిస్తే ఏరి పారేయండి, పురుగుకు వేయొద్దు.”

ఈ చివరి వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. నాటు ఆకు పటం కింద ఆ మాట రాసినవాళ్ళు ఆకును పారేయమని ఎక్కడా అనలేదు. గుర్తుపట్టడానికి పెట్టిన గుర్తును నేను నిషేధంగా మార్చేశాను. అంత చిన్న ప్రమోషను నాకు నేనే ఇచ్చుకున్నాను.

ముందు వరసలో కూర్చున్న లావుపాటామె ఒక ఆకు ఎత్తి చూపించింది. దానికి ఒక పక్క మాత్రమే చీలిక ఉంది, చేతి తొడుగులో బొటనవేలిలా.

“సార్, దీనికి బొటనేలు ఒకటే ఉండాది. ఇది చెయ్యా, కాదా?”

నేను ఆలోచించాను. నిజంగానే గంభీరంగా ఆలోచించాను. “ఒక్క బొటనవేలైతే పరవాలేదమ్మా, వేయొచ్చు. రెండు చీలికలుంటే చేయి కిందే లెక్క.”

“రెండు అంటే ఇట్ల పక్కకొకటా, ఒకే పక్క రెండా?”

“ఎటున్నా రెండు.”

“అట్లే సార్” అన్నారు అందరూ. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఏకైక చట్టం అది.

అక్కడితో ఆగినా బాగుండేది. డెయిరీ గోడకు నీలి పెయింటుతో ‘చేతి ఆకు పురుగుకు వద్దు’ అని కన్నడంలో రాయించి, చదువు రానివాళ్ళ కోసం పక్కన ఒక చేతి బొమ్మ వేయించి, దానిమీద అడ్డంగా ఎర్ర గీత పెట్టించాను. మర్నాడే డెయిరీ సెక్రటరీ ఫోను చేశాడు. “సార్, ఈ గీత ఏ పార్టీ తరపున? ఊళ్ళో అడగతా ఉండారు.” ఎలక్షన్ల కాలం కాదు కాబట్టి బతికిపోయాను.

ఆ పదిమందిలో చివర కూర్చున్న ఒకామె నోటుపుస్తకం తెచ్చుకుంది. ముప్పై దాటిన మనిషి. నేను చెప్పినదంతా రాసుకుంది, బొటనవేలి చట్టంతో సహా. అది చూసి నేను మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే, మనం చెప్పేది ఎవరైనా రాసుకుంటున్నారంటే అక్కడ కాస్త నెమ్మదించాలి అనిపిస్తుంది.

ఆమె భర్తకు కోలారు పక్క నరసాపురంలో మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సులో షిఫ్టుకు పోయి షిఫ్టుకు వస్తాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త. ఎకరం లోపు మల్బరీ. ఆ తోటకు బయట నుంచి ఒక ప్రమాదం పొంచి ఉంది. భర్తకు టమాటా మీద మనసు. ఆమెకు పురుగుల మీద మనసు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: ఈ ఒక్క మేపు ఆమె సొంతంగా చేసి చూపించాలి. పురుగు గూడు కడితే మల్బరీ ఉంటుంది. కట్టకపోతే మల్బరీ పెరికి టమాటా నారు. ఆమె ఈ సంగతి చెప్పినప్పుడు, “ఏం భయం లేదమ్మా, నేనున్నాను కదా” అన్నాను. ఆమెకు ఉన్న అసలు ప్రమాదం అదేనని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

పట్టుపురుగు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క. పెరిగేటప్పుడు పురుగు నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తుకుని పడుండి, చర్మం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఓ వారం రోజులు దానికి రాక్షసాకలి. పుట్టినప్పటినుంచీ తిన్నదంతా ఒక ఎత్తు, ఆ వారం తినేది ఒక ఎత్తు. ఆ తర్వాత పండి, గూడు కట్టుకుంటుంది. ఆ వారంలో ఆకు తక్కువైతే చేసిన చాకిరీ అంతా మట్టిపాలు.

నాలుగో జ్వరం లేచిన మూడోనాడు, ఒక శనివారం పొద్దున, ఆమె ఫోను చేసింది.

“సార్, ఆకు చాల్దు.”

“ఎంత ఉంది?”

“ఈ పూటకుండాది. రేప్పొద్దున మేతకు తోటలో కట్టెలు తప్ప ఏమీ లేదు.”

అటెండరును ఎక్కించుకుని పోయాను. ఎకరం లోపు తోటే అయినా, ఆమె తెచ్చుకున్న పురుగులు కొద్దే. లెక్కప్రకారం ఆకు మిగలాలి. పురుగుల షెడ్డు ముందు రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. అంత నిగనిగలాడే మేకలను నేను పశువుల ప్రదర్శనలో కూడా చూడలేదు.

“వీటికి ఏం పెడతావమ్మా, ఇంత నునుపుగా ఉన్నాయి?”

“మీరు వద్దన్నదే సార్” అంది ఆమె.

షెడ్డు పక్కన ఎండిపోయిన ఆకుల కుప్ప. దగ్గరికి వెళ్ళి చూశాను. అన్నీ చేతులే. మూడు వేళ్ళవీ, అయిదు వేళ్ళవీ, ఎండి ముడుచుకుని. ఆమె రోజూ తెల్లారి కొమ్మలు కోసుకొచ్చి, అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి కొమ్మనుంచీ చేతి ఆకులు గిల్లి, మిగిలినదే పురుగులకు వేసింది. ఒక్క బొటనవేలున్నవి వేసింది, రెండున్నవి పారేసింది. నా చట్టాన్ని అక్షరం జారకుండా పాటించిన ఒకే ఒక పౌరురాలు. తోటలో మూడో వంతు మేకల కడుపులోకి పోయింది.

“ఇంత నాటు ఎట్లా కలిసింది?” అన్నాను. ఆఫీసు కట్టెలు ఇచ్చినవాళ్ళ మీద అప్పుడే ఒక ఘాటైన రిపోర్టు మనసులో తయారవుతోంది.

అటెండరు చెవి వెనక గోక్కున్నాడు. అతను మూడు తరాలుగా పురుగులు మేపే ఇంటివాడు.

“సార్, ఒక మాట. నాటు గీటు ఏమీ లేదు. అంతా ఒకటే రకం. లేత తోట గదా, కొత్త చిగురు మొదట్లో చేతులే ఇస్తాది. పైకి పోయేకొద్దీ మూసుకుంటాది. అదే చెట్టు, అదే కొమ్మ.”

“నీకు ముందే తెలుసా?”

“తెలీకుండా యాడ పోతాది సార్.”

“మరి చెప్పలేదేమయ్యా!”

“చెప్దామనే ఉంటి. మీరు గోడ మీద రాసేస్తిరి. గోడ మీదికి ఎక్కినాంక ఇంగేం చెప్పేది?”

నేను ఆమె ముఖం వైపు చూడలేదు. ముందు ఆకు చూద్దాం, తర్వాత ముఖం చూద్దాం అనుకుని ఊళ్ళోకి నడిచాను. మిగతా తొమ్మిదిమంది కూడా ఇలాగే ఏరి పారేసి ఉంటే పదిళ్ళ పురుగులు నా నెత్తిన పడతాయి. మొదట ఆ లావుపాటామె ఇల్లు.

“అమ్మా, ఆకు సరిపోతోందా? చేతి ఆకు ఏరినారా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏరేకి మాకు వేరే పనిలేదా సార్? అంతా కోసినాము, అంతా వేసినాము.”

“మరి మీటింగులో అట్లే సార్ అన్నారు?”

“అది మర్యాద గదా సార్. మీరు అంత దూరం నుంచి వచ్చి చెప్తే కాదంటారా ఎవరైనా?”

“ఆ బొటనవేలు అడిగింది ఎందుకు మరి?”

“మీరు చెప్పేది వింటా ఉంటే బాగుండె. ఇంగా కొంచెంసేపు చెప్పించినాను.”

మిగతా ఇళ్ళలోనూ అదే. నా మాటను లెక్కచేయనివాళ్ళందరి పురుగులూ కడుపునిండా తిని బలంగా ఉన్నాయి. నన్ను నమ్మినవాళ్ళది ఒక్క ఇల్లు. అధికారిగా నా జీవితానికి అంతకంటే నిఖార్సయిన రిపోర్టు ఎవరూ ఇవ్వలేదు.

వాళ్ళు తలా ఒక మోపు ఇచ్చారు. అంతకుమించి ఇస్తే వాళ్ళవి పస్తుంటాయి. అందరూ ఒకేరోజు తెచ్చుకున్న పురుగులు, అందరివీ అదే ఆకలి. చెరువు అవతల తోటలున్నాయి గానీ టమాటా చేల నడుమ ఉన్నాయి. టమాటాకు కొట్టే మందు గాలికి ఆ ఆకు మీద పడుతుంది. అది తిన్న పురుగు ఇక లేవదు. దొరికిన మోపులు ఆదివారానికి సరిపోతాయి. సోమవారం, మంగళవారం మాటేమిటి?

మోపులు దింపాక, ఇక తప్పదని ఆమె ముందు నిలబడ్డాను.

“అమ్మా, నేను చెప్పింది తప్పు. చేతి ఆకు మంచిదే. నాటుదైనా తినొచ్చు. మీ తోటలోది నాటుది కూడా కాదు. నాకు తెలియక చెప్పాను.”

ఆమె లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చి, పేజీ తీసి, నా వైపు తిప్పి పట్టుకుంది. పైన ‘సార్ చెప్పినవి’ అని ఉంది. కింద నా చేతి ఆకు చట్టం, ఆమె గుండ్రటి అక్షరాల్లో.

“ఇది కొట్టేసేదా?”

“కొట్టేయమ్మా.”

“దీనికింద ఇంగా ఆరుండాయి. అవి?”

నేను ఆ ఆరూ చదువుకున్నాను. వాటిలో నాలుగు నేను పుస్తకంలో చూసి చెప్పినవే. అయినా అప్పటికి నాకు నా మీద ఏ మాత్రం నమ్మకం మిగల్లేదు. “అటెండరును అడుగుదాం” అన్నాను.

అంతవరకూ మెట్టు మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్న అత్త తల ఎత్తింది.

“పురుగుకు కండ్లుండాయా అప్పా, ఆకు చెయ్యిమాదిరుందా కాలుమాదిరుందా అని చూసేకి? నోరుండాది, అంతే. మొదటి దినమే చెప్తి దీనికి. ‘లేదత్తా, సారు చదివినారు’ అనె. నువ్వు చదివింది పురుగు చదవలా గదప్పా.”

“అత్తా, ఊరుకో” అంది కోడలు. తర్వాత నన్ను అడిగింది, చాలా మెల్లగా: “సోమవారం మేతకు యాడ తెస్తారు సార్?”

తెస్తారా అని అడగలేదు. యాడ తెస్తారు అని అడిగింది. ఇంకా నమ్ముతూనే ఉంది. ఆ రోజు నేను విన్న మాటలన్నిటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇంటికి వచ్చి కాఫీ ముట్టకుండా కూర్చున్నాను. సంగతి విని మా ఆవిడ ఓదార్చలేదు. రోగం ఏమిటో తెలిశాక మందు గురించి ఆలోచించడం ఆమెకు అలవాటు.

“మన చర్చి వెనక కంబళిపండ్ల చెట్లు రెండున్నాయి కదా. సండేస్కూలు పిల్లల నాలుకలు ఏడాదికోసారి ఊదారంగు అయ్యేది వాటివల్లనే. అది మల్బరీ కాదా?”

మల్బరీయే. నలభై ఏళ్ళుగా వారంవారం ఆ చెట్ల కింద చెప్పులు వదిలాను. ఆకు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. చీకటి పడకముందే వెళ్ళి చూశాను. ఎవరో దొర నాటిన పాత చెట్లు, గుబురుగా, శుక్రవారం వానకు దిబ్బల దుమ్మంతా కడుక్కుని ఉన్నాయి. ప్రతి ఆకూ అయిదు వేళ్ళు చాచి ఉంది. గాజు పటంలోది కూడా అంత అచ్చమైన హస్తం కాదు.

ఆ చెట్లకు కాపలా మా చర్చి సెక్రటరీ. గనిలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి; ఆయన మాట లేనిదే ఎవరూ కిందికి దిగకూడదు, పైకి ఎక్కకూడదు. ఆ అలవాటు చర్చి ఆవరణలోనూ పోలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన్ని పట్టుకున్నాను.

“ఏం తంబీ, ముప్పై ఏళ్ళుగా పిల్లోళ్ళను కూడా ఎక్కనీలేదు నేను. నువ్వు ఈ వయసులో ఎక్కేకి వస్తివా?”

“పురుగుల కోసం అంకుల్.”

“చెట్టుకు పురుగులు పట్టినాయా?”

“పట్టలేదు. నేనే తీసుకుపోయి పట్టించాల.”

సంగతంతా చెప్పాను. ఆయన చెట్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “కొమ్మలు దించాల్సిన కాలమే. విరిచేది లేదు, రంపంతో కోయాల. నేను చూపించిన కొమ్మే కోయాల. ఎక్కేది నువ్వు కాదు. నువ్వు పడితే మీ ఆవిడ నన్ను అడుగుతాది.”

ఆరాధన చివర పాస్టరుగారు ప్రకటనలు చదివారు. అన్నీ అయ్యాక కళ్ళద్దాలు తీశారు. “దగ్గర ఊళ్ళో కొన్ని ప్రాణాలు ఆకలితో ఉన్నాయి. రేపటికి వాటికి తిండి లేదు. ప్రార్థన అయినాంక ఎవరూ వెళ్ళిపోవద్దు.” జనం జాలితో పర్సులు తెరిచారు. “పర్సులు వద్దు. పట్టుపురుగులు. వెనక రంపం ఉంది” అన్నారు.

తర్వాత ఓ గంటసేపు జరిగినది నా కళ్ళతో చూడకపోతే నేనూ నమ్మను. ఇస్త్రీ ప్యాంట్లవాళ్ళు నిచ్చెన పట్టుకున్నారు. క్వయిర్‌లో పాడే కుర్రవాళ్ళు కొమ్మలు కోశారు. పట్టుచీరల్లో వచ్చిన ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ముదురు ఆకు తీసేసి కట్టలు కట్టారు. ఒక పెద్దావిడ ఒక ఆకును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది.

“ఇదేనా అది తినేది? ఇన్నేళ్ళుగా కట్టుకుంటా ఉండాను, ఏం తింటాదో ఒక దినమూ అడగలేదు చూడు” అంది తన చీర కుచ్చిళ్ళ వైపు చూసుకుంటూ.

తడి గోనెలు కప్పి, గూడ్సు ఆటోలో వేసుకుని, అటెండరును కూడా ఎక్కించుకుని, మధ్యాహ్నానికి ఊరు చేరాను. ఆమె షెడ్డు గుమ్మంలోనే ఉంది. గోనె ఎత్తి చూసింది. అయిదు వేళ్ళు. ఇంకో కట్ట తీసింది. అయిదు వేళ్ళు.

“అంతా చేతులే గదా సార్.”

“అంతా చేతులేనమ్మా.”

“మీరే వెయ్యండి ముందు” అంది. అందులో వెటకారం లేదు. బెడిసికొడితే తన చేత్తో వేసినట్టు కాకూడదని అనుకుంది. అది న్యాయమే.

మొత్తం మీద వేసే ధైర్యం నాకూ లేదు. పురుగులను మేపే స్టాండు ఒక చివర, ఓ వంద పురుగుల మీద మాత్రం రెండు కొమ్మలు పరిచాను. అవి తలలు ఎత్తాయి. అటు ఊపాయి, ఇటు ఊపాయి. లేత ఆకుకు అలవాటు పడినవాటికి ఇది మొరటు ఆకు. ఒకటి ఆకు ఎక్కి, వేలి చివరిదాకా నడిచి, దిగిపోయింది. ఇంకొకటీ అంతే. విందుకు వచ్చి వడ్డించేవాడి ముఖం చూసి లేచిపోతున్న బంధువుల్లా కనిపించాయి. అత్త వక్క నమలడం ఆపింది. అటెండరు పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు. కోడలు మాత్రం కదలకుండా ఒకే పురుగును చూస్తోంది.

అది చిటికెనవేలి అంచున నోరు పెట్టింది.

తర్వాత దాని పక్కది. తర్వాత ఇక లెక్క తెలియలేదు. పది నిమిషాల్లో ఆ ఆకుకు వేళ్ళు పోయాయి, ఇంకాసేపటికి అరచేయి పోయింది, చివరకు ఈనె ఒక్కటి మిగిలింది.

“తినేదాన్ని చూస్తా కూర్చుంటే ఎట్ల? ఈ పక్కవి అరస్తా ఉండాయి” అంది అత్త. పురుగులు అరవవు. కానీ కోడలు అప్పటికే రెండు కట్టలు చంకన పెట్టుకుని ఆ పక్కకు పరిగెత్తింది.

సోమవారం నేను డెయిరీ గోడ దగ్గరికి సున్నం డబ్బాతో వెళ్ళాను, నా రాతను నేనే కొట్టేసుకుందామని. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆపారు. “చెయ్యి బాగుండాది సార్, ఉండనీండి. ఆ గీత ఒకటి తుడవండి చాలు.” గీత తుడిచాను, అక్షరాలు తుడిచాను. గోడమీద ఒట్టి చేయి మిగిలింది, వచ్చేపోయేవాళ్ళకు రాం రాం చెబుతున్నట్టు.

మంగళవారం పొద్దున మళ్ళీ ఫోను మోగింది.

“సార్, తినేది నిలిపేసినాయి.”

“ఎన్ని?”

“చాలా. వేసిన ఆకు వేసినట్టే ఉండాది. తల ఎత్తుకుని ఊరికే చూస్తా ఉండాయి.”

ఫోను పెట్టేసి బయలుదేరాను. మొరటు ఆకు పడలేదు, దిబ్బల దుమ్ము పూర్తిగా పోలేదు, వాటి కడుపులో ఏదో అయింది అనుకున్నాను. స్కూటరు మీద ఆ పద్నాలుగు కిలోమీటర్లూ నాకు టమాటా తోటలే కనిపించాయి. దారిపొడవునా అవి ఉన్నమాట నిజమే గానీ, ఆ రోజు ప్రతి మొక్కా నావైపే చూస్తోంది.

షెడ్డు ముందు వెదురు చంద్రికెలు వరసగా ఆనించి ఉన్నాయి. పురుగులు గూళ్ళు అల్లుకోవడానికి పెట్టే తట్టలవి. ఆమె కొంగు నడుముకు దోపి, స్టాండు మీదనుంచి పురుగులను ఒక్కొక్కటే ఏరి వాటిలో వదులుతోంది. తేనెరంగు తిరిగిన పురుగులు. పండిన పురుగులు. పండినది ఇక తినదు.

ఆయాసంతో నిలబడిపోయాను. “ఏంటమ్మా ఇది! ఎందుకు అట్లా భయపెట్టినావు?”

“నేనేం అబద్ధం చెప్తిని సార్? తినేది నిలిపేసినాయి అంటిని. నిలిపేసినాయి గదా.”

“పండినాయి అని ఒక్క మాట అంటే నేను ఇట్లా పడుతూ లేస్తూ...”

“మీ మాట విని నేను మూడు దినాలు భయపడినాను. నా మాట విని మీరు అరగంట భయపడినారు. అంతే గదా” అని చేతిలో పురుగును చంద్రికెలో వదిలింది. అప్పుడు నవ్వింది.

నైట్ షిఫ్టు చేసి వచ్చిన భర్త గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్నాడు. అత్త అతని వైపు తిరగకుండానే, “ఆ నర్సరీవానికి ఫోను చెయ్యి. నారు వద్దని చెప్పు. పేరు రాయించి ఉండావు, మళ్ళ ఎత్తుకుని వస్తాడు” అంది. అతను ఫోను తీశాడు. నేను ఎవరూ చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

“నిలబడే ఉంటే ఎట్ల సార్? ఏరండి. ఇవి అంత సేపు ఆగవు” అంది ఆమె.

బూట్లు విప్పి స్టాండు ఆ పక్కన నిలబడ్డాను. తేనెరంగులో ఉన్నాయనుకున్నవి ఏరడం మొదలుపెట్టాను. నాలుగోదాన్ని చంద్రికెలో వదలబోతే ఆమె నా అరచేతిలోంచి దాన్ని తీసుకుని మళ్ళీ ఆకుమీద పెట్టింది.

“ఇది పండలేదు సార్. ఇంగా ఒక పూట తినాల.”

“దేన్ని చూసి చెప్పావమ్మా?” అన్నాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక రైతును, నేర్చుకుందామని, నేను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె రెండు పురుగులను చెరో చేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించింది. ఒకదాని గొంతు దగ్గర వెలుతురు లోపలికి పోతుందట, రెండోదానిలో ఆగిపోతుందట. నేను కళ్ళద్దాలు సర్దుకుని బాగా చూశాను. నిజం చెప్పాలంటే నాకు తేడా తెలియలేదు.

ఇంకొకటి చూపించమన్నాను.